పదకొండో నంబరు

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మన జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా ఒక మాట నోటికి వచ్చేస్తుంది. ‘రేవుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక.’ పొలంలో పనలు ఆరేసిన రైతు, పందిరి వేయించిన పెళ్లింటివారు, అంతర్వేది ప్రయాణం పెట్టుకున్న ముసలమ్మ, అందరూ ఆ నంబరు కోసమే చెవులు రిక్కిస్తారు. మూడంటే చూద్దాంలే అనుకుంటాం. ఏడంటే బియ్యం, కిరసనాయిలు సర్దుకుంటాం. పదంటే ఇక దేవుడి మీద భారం వేస్తాం.

పదితో అయిపోయిందనుకుంటారు చాలామంది. కానీ పదకొండోది ఒకటుంది. అది పదో నంబరు కంటే పెద్ద గాలికి గుర్తు కాదు. దాని అర్థం పూర్తిగా వేరు. ఆ సంగతి తెలియాలంటే సముద్రంలో మనిషి ప్రాణం కాపాడటానికి మన తీరం ఏం చేసిందో, ఏం చెయ్యలేకపోయిందో ముందు చెప్పుకోవాలి.

పాలకొల్లుకు సముద్రం ఎంత దూరం?

పాలకొల్లులో నిలబడితే సముద్రం కనపడదు. కనపడేది క్షీరారామ గోపురం, కాలవ, కొబ్బరి చెట్లు. అయినా ఈ ఊరికి ఓడల వాసన కొత్త కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే వలందులు, అంటే డచ్చివారు, ఇక్కడ వర్తకశాల పెట్టారు. బట్టలు నేయించి, అద్దకాలు వేయించి తూర్పుదీవులకు ఎగుమతి చేశారు. 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చేదాకా ఈ ఊరు వారి లెక్కల పుస్తకాల్లో ఉంది.

ఆ సరుకంతా ఓడ ఎక్కిన దారి నరసాపురం. అక్కడ వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న వలంధర రేవు పేరులో ఇప్పటికీ ఆ వలందులే వినపడతారు. పక్కనే మాధవాయిపాలెం. 1670ల్లో బంగాళాఖాతం చుట్టూ తిరిగిన ఇంగ్లీషు నావికుడు థామస్ బౌరీ ఇక్కడి ఓడల తయారీని మెచ్చుకుంటూ రాశాడు. మంచి కలప, మంచి ఇనుము, చెయ్యి తిరిగిన వడ్రంగులు ఉండేవారు. ఈ ఊరి పేరు మీద ‘మడపోలం’ అని ఒక రకం నూలు బట్టే లోకంలో చెలామణీ అయింది. అంతర్వేది గుడిని 19వ శతాబ్దంలో తిరిగి కట్టించిన కోపనాతి కృష్ణమ్మగారు కూడా ఓడల యజమానే.

ఇంత ఓడల సందడి ఉన్నచోట మునిగిపోయే ఓడలూ ఉంటాయి. గోదావరి ఏటా మోసుకొచ్చే ఒండ్రు, ఇసుక మొగ దగ్గర మేటలు వేస్తుంది. ఈ ఏడు లోతున్నచోట వచ్చే ఏడు మోకాల్లోతు. అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడి చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మరి అక్కడ పడవ తిరగబడితే దిక్కెవరు?

తెప్పే లైఫ్‌బోటు

ఇదే ప్రశ్నకు ఇంగ్లండు ఒక జవాబు చెప్పుకుంది. 1824 మార్చి 4న లండన్‌లో ఒక సంఘం పుట్టింది. తీరంలో ఊరూరా సముద్రం వైపు తలుపులున్న షెడ్డు, అందులో ఎప్పుడూ సిద్ధంగా ఉండే పడవ, పిలుపు రాగానే చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చే ఊరివాళ్లు. వాళ్లలో జాలర్లే కాదు, దుకాణదారులు, కూలీలు కూడా ఉంటారు. జీతం కోసం కాదు, ఊరి మర్యాద కోసం వస్తారు. రెండు వందల ఏళ్లు దాటినా ఆ సంఘం చందాల మీదే నడుస్తోంది. మూతపడిన పాత స్టేషన్ల చరిత్రను కూడా అక్కడివాళ్లు అపురూపంగా రాసుకుంటారు.

మన గోదావరి తీరంలో ఆ పద్ధతి పాతుకోలేదు. అంతమాత్రాన ఇక్కడ ప్రాణాలు కాపాడినవాళ్లు లేరని కాదు. వాళ్లకు షెడ్డు లేదు, బోర్డు లేదు, అంతే.

ఓడరేవు కట్టకముందు మద్రాసు ఎలా ఉండేదో చూడండి. ఓడ ఎక్కడో దూరంగా ఆగేది. విరుచుకుపడే కెరటాలను దాటి ఒడ్డుకు రావాలంటే మసూలా పడవే గతి. పలకలను మేకులతో కాకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం కొడితే విరగకుండా వంగేది. అలాంటి పడవ వెంట తెప్పలవాళ్లు కాపలాగా వచ్చేవారు. పడవ తిరగబడితే దూకి మనుషుల్ని పైకి లాగడం వాళ్ల పని. అలా ప్రాణాలు కాపాడినవారికి కంపెనీ వారు పతకాలు ఇచ్చేవారు.

మన తీరంలోనూ తెప్ప ఉంది, నావ ఉంది. నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్పకు మునిగే అడుగే లేదు. తిరగబడితే మళ్లీ తిప్పుకుని ఎక్కొచ్చు. పక్క తెప్ప ఆపదలో ఉంటే తన వల కోసుకునైనా వెళ్లాలన్నది సముద్రం మీద బతికేవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. దానికి కాగితం లేదు. 2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు లారీలకెక్కించిన పడవలతో వచ్చి వేల మందిని ఒడ్డుకు చేర్చింది మత్స్యకారులే. ఎవరూ పిలవకముందే బయలుదేరినవారు వాళ్లలో ఎందరో.

ఇసుకలో చిక్కిన అమెరికా ఓడ

మన మేటల గట్టిదనం ఒక అమెరికా యుద్ధనౌకకు బాగా తెలిసొచ్చింది. దాని పేరు శాక్రమెంటో. కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్ అనుభవం లేనివాడేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, బ్రెజిల్ రేవులో ఉన్న శత్రు నౌకను పట్టుకున్నవాడు. అలాంటివాడు 1867 జూన్ 19న గోదావరి ముఖద్వారం దగ్గర ఇసుక మేట మీదకు ఓడను ఎక్కించేశాడు. ఓడ తిరిగి కదల్లేదు, అక్కడే ముక్కలైంది. అదృష్టం కొద్దీ మనుషులంతా ప్రాణాలతో బయటపడ్డారు. కెప్టెన్‌ను సైనిక న్యాయస్థానం విచారించి కొంతకాలం విధుల నుంచి తప్పించింది.

ఓడ పోయింది గానీ పేరు పోలేదు. ఆ మేట నావికుల పటాల్లో శాక్రమెంటో మేట అయింది. తర్వాత అక్కడ కట్టిన దీపస్తంభం శాక్రమెంటో లైట్‌హౌస్ అయింది. కాలిఫోర్నియాలో ఎక్కడో ఉన్న నగరం పేరు మన కోనసీమ తీరాన దీపమై నిలిచింది. అంతర్వేది దీపస్తంభం కూడా ఆ పని చేసేదే. ‘ఇటు రావద్దు, ఇసుక ఉంది’ అని చెప్పడం.

దీపం ఇసుక ఎక్కడుందో చెబుతుంది. గాలివాన ఎప్పుడొస్తుందో చెప్పలేదు. దానికి వేరే ఏర్పాటు కావలసి వచ్చింది.

స్తంభం మీద బుట్టలు

ఆ ఏర్పాటు కథ కూడా ఇంగ్లండులోనే మొదలైంది. 1859 అక్టోబరులో ‘రాయల్ చార్టర్’ అనే ఓడ తుపానులో పగిలి నాలుగు వందల మందికి పైగా పోయారు. వాతావరణ శాఖ పెద్ద ఫిట్జ్‌రాయ్, డార్విన్‌ను ‘బీగిల్’ ఓడలో లోకం చుట్టూ తిప్పిన కెప్టెనే, దీన్ని మనసుకు పట్టించుకున్నాడు. తంతి మీద వార్త వస్తే రేవులో స్తంభానికి శంకు ఆకారం బుట్ట, డోలులాంటి బుట్ట ఎక్కించే పద్ధతిని 1861లో మొదలుపెట్టాడు. దూరం నుంచి చూసినా నల్లగా కనపడాలి, చదువు రానివాడికీ అర్థం కావాలి. అదీ సూత్రం.

మన దేశంలో అదే పని జరగడానికి రెండు ఘోరాలు కారణం. 1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచింది. నెల తిరగకుండానే నవంబరు 1న బందరు మీద ఉప్పెన పడింది. బందరు ప్రాంతంలోనే సుమారు 30 వేల మంది పోయారని లెక్క. మరుసటి ఏడు, 1865లో, కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. 1898 ఏప్రిల్ 1 నుంచి దేశంలోని రేవులన్నిటికీ ఒకే రకం గుర్తులు వచ్చాయి. ఇప్పుడు మనం వింటున్న నంబర్లు దాదాపుగా అవే.

మనం జెండా అంటాం గానీ అసలు గుర్తులు జెండాలు కావు. పగలు శంకులు, స్తూపాలు. రాత్రి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. వాటి అర్థాలు కూడా అందరూ అనుకునేట్టు మెట్లు మెట్లుగా ఉండవు. ఒకటి, రెండు నంబర్లంటే తుపాను దూరంగా సముద్రంలో ఉంది, రేవుకు ఇంకా ముప్పు లేదని. మూడు, నాలుగు అంటే రేవుకే గాలి తగలబోతోందని. అయిదు, ఆరు, ఏడు ‘ప్రమాదం’. ఎనిమిది, తొమ్మిది, పది ‘మహా ప్రమాదం’.

ఈ మూడేసి నంబర్లలో ఉన్న కిటుకు ఇది. అయిదు, ఎనిమిది అంటే రేవు తుపాను దారికి ఎడమ పక్కన పడుతుందని. ఆరు, తొమ్మిది అంటే కుడి పక్కన. ఏడు, పది అంటే తుపాను రేవు మీదుగా గానీ, బాగా దగ్గరగా గానీ దాటుతుందని. అంటే అయిదు కంటే ఆరులో గాలి ఎక్కువని కాదు, పక్క మారిందని.

ఈ పక్క సంగతి మన ఇళ్లలో కూడా తెలియాలి. మన దిక్కున తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి తీరం దాటే తుపానుకు కుడి పక్క అంటే మనకు ఉత్తరం వైపు. అక్కడ గాలి సముద్రం నుంచి నేల మీదకు తోస్తుంది. నీళ్లను కూడా తోసుకొస్తుంది. ఉప్పెన వచ్చేది అటే. ఎడమ పక్కన గాలి నేల నుంచి సముద్రం మీదకు పోతుంది. అందుకే తుపాను బందరు దగ్గర దాటుతుందంటే నరసాపురం, అంతర్వేది తీరం జాగ్రత్త పడాలి. కాకినాడ దగ్గర దాటుతుందంటే మనకు ఉప్పెన భయం తక్కువ. అప్పుడు కూడా గాలీ వానా తప్పవు.

1977 నవంబరు 19 దీనికి కన్నీటి సాక్ష్యం. తుపాను కేంద్రం దాటింది దక్షిణాన, చీరాల, నిజాంపట్నం వైపు. కుడి పక్కన ఉన్న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. చాలామంది గాలివానకే సిద్ధపడ్డారు గానీ తాటిచెట్టంత ఎత్తు నీళ్లు ఇంట్లోకి వస్తాయని ఊహించలేదు. అధికారిక లెక్కే పది వేలు. 1864లో బందరు చెప్పిన పాఠాన్ని నూట పదమూడేళ్ల తర్వాత పక్క సీమ మళ్లీ చదవాల్సి వచ్చింది.

స్తంభం కనపడని వాళ్లు

రేవులో స్తంభానికి ఒక లోపం ఉంది. అది ఒడ్డున ఉన్నవాడికే కనపడుతుంది. బయలుదేరబోయేవాడిని ఆపుతుంది. ముందే వెళ్లిపోయినవాడిని వెనక్కి పిలవలేదు.

1996 నవంబరు 6 రాత్రి ఆ లోపం ఎంత పెద్దదో కోనసీమకు తెలిసింది. ఆ తుపాను తీరానికి దగ్గరలోనే బలపడి, కాకినాడకు దక్షిణాన దాటింది. తీరం మీద లక్షల కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. చెట్టు మళ్లీ నాటుకోవచ్చు. నాటుకోలేనిది వేటకు వెళ్లినవాళ్లను. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లలో మగవాళ్లు బోట్ల మీద సముద్రంలో ఉన్నారు. ఎందరో రొయ్య పిల్లల కోసం తిప్పల మీద, పాయల్లో ఉన్నారు. అధికారికంగా మృతులు వెయ్యి దాటారు. ఆచూకీ లేనివారు ఇంకా వందలు.

ఆచూకీ లేకపోవడం అనే మాటను పట్నంలో తేలిగ్గా చదివేస్తాం. ఆ ఇంట్లో ఆడమనిషి సంగతి ఆలోచించండి. బొట్టు ఉంచుకోవాలా, తుడుచుకోవాలా? చట్టం సాధారణంగా ఏడేళ్లు కబురు లేకపోతే గానీ మనిషి పోయినట్టు భావించదు. ప్రకృతి వైపరీత్యాలప్పుడు ప్రభుత్వాలు ఆ గడువు సడలించడం వేరే సంగతి. కాగితం మీద సడలించినా గుమ్మం దగ్గర ఎదురుచూపు సడలదు. బోటు వేరే తీరానికి కొట్టుకుపోయి ఉంటుందేమో, ఏ ఒడిశాలోనో దిగి ఉంటారేమో అని ఏళ్ల తరబడి చూసే కళ్లు తీరం వెంట ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

ఆ రాత్రి కొరతపడింది మోటారు లైఫ్‌బోట్లు కాదు. అంత గాలిలో ఏ పడవా వెళ్లలేదు. కొరతపడింది కబురు. ముందు రోజు సాయంత్రానికల్లా సముద్రంలో ఉన్న ప్రతి సరంగు చెవినా పడాల్సిన ఒక్క మాట.

షెల్టరు, మీట

తర్వాత జరిగిన మార్పు చిన్నది కాదు. దివిసీమ తర్వాత తీరంలో తుపాను షెల్టర్లు లేచాయి. స్తంభాల మీద అంతస్తు, నీళ్లు కింద నుంచి పోయేట్టు, గాలికి ఎదురు తక్కువ ఉండేట్టు కట్టారు. నిజం చెప్పాలంటే మన లైఫ్‌బోటు స్టేషన్లు అవే. పడవ మనిషి దగ్గరకు వెళ్లడానికి బదులు, మనిషే ముందుగా దాని దగ్గరకు వస్తాడు. తుపాను లేని రోజుల్లో కొన్నిచోట్ల బడి నడిచింది, కొన్నిచోట్ల ధాన్యం బస్తాలు చేరాయి. పట్టించుకోనిచోట పెచ్చులూడి, చువ్వలు బయటపడి, వానకు లోపల నిలబడలేని స్థితికి వచ్చాయి. 2011లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో మొదలైన పథకం కింద కొత్తవి కట్టారు.

సముద్రం మీద చూసే బాధ్యత 1978 చట్టంతో ఏర్పడిన కోస్ట్‌గార్డ్‌ది. ఆపదలో ఉన్నవారు గానీ, వారి తరఫున ఒడ్డున ఉన్నవారు గానీ 1554కు ఫోన్ చేయవచ్చు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని సముద్రాన్ని కాపలా కాస్తున్నారన్నమాట.

స్తంభం లోపాన్ని తీర్చే పరికరం కూడా వచ్చింది. బోటులో పెట్టుకునే చిన్న పెట్టె. నిప్పంటుకున్నా, బోటు మునుగుతున్నా మీట నొక్కితే బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా ఇస్రో కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్‌కు చేరుతుంది. 2010 నుంచి ఇవి వాడుకలో ఉన్నాయి. మొదట్లో కబురు ఒకవైపే వెళ్లేది. నొక్కినవాడికి అది అందిందో లేదో తెలిసేది కాదు. 2024లో వచ్చిన కొత్త రకంలో ‘అందింది’ అన్న జవాబు వస్తుంది. తుపాను హెచ్చరికను కూడా ఒడ్డు నుంచి బోటుకు పంపవచ్చు. చీకట్లో, నీళ్లలో ఉన్నవాడికి ఆ జవాబు ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

కబురు అందితే ఏమవుతుందో లెక్కలే చెబుతాయి. 1999లో ఒడిశా మహా తుపానులో దాదాపు పది వేల మంది పోయారు. 2013 అక్టోబరులో అదే తీరం మీద ఫైలిన్ పడినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు, మృతుల లెక్క పదుల్లో ఆగింది. మన గడప దగ్గరికే వస్తే, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురానికి దగ్గరలోనే తీరం దాటింది. వరి పడిపోయింది, చెట్లు కూలాయి, కరెంటు పోయింది. కానీ వేటకు వెళ్లొద్దన్న కబురు రోజుల ముందే వెళ్లింది. లోతట్టు ఊళ్లవాళ్లను ముందే కదిలించారు. ప్రాణనష్టం వేళ్ల మీద లెక్కపెట్టేంతలో ఆగింది.

ఇంతకీ పదకొండు

ఇప్పుడు ఆ చివరి నంబరు. పదకొండో గుర్తు ఎగరేశారంటే వాతావరణ కేంద్రంతో రేవుకు సంబంధాలు తెగిపోయాయని అర్థం. తుపాను ఎటు వస్తోందో, ఎంత గాలి ఉందో చెప్పేవారు లేరు. అయినా ఆకాశాన్నీ సముద్రాన్నీ చూసి ‘ముప్పు ఉంది’ అని రేవు అధికారి తానే నిర్ణయించుకున్నాడని.

1898లో ఈ పట్టికను ఖాయం చేసినవారి బుద్ధిని మెచ్చుకోవాలి. అన్ని గాలుల పైన, అన్ని తుపానుల పైన వాళ్లు కూర్చోబెట్టింది కబురు తెగిపోవడాన్ని. పదో నంబరులో కనీసం ఏం వస్తోందో తెలుసు. పదకొండులో అదీ తెలియదు.

1996లో బోట్ల మీద ఉన్నవాళ్లందరూ బతికింది పదకొండో నంబరులోనే, చనిపోయిందీ అందులోనే. ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, ఫోన్లున్నాయి. కానీ ఒడ్డు విడిచి కాస్త దూరం వెళ్తే సెల్‌ఫోన్ మూగబోతుంది. పరికరం ఉన్నా బ్యాటరీ చచ్చి ఉంటే, బరువెందుకని ఇంట్లో వదిలేస్తే, ఆ బోటు మీద పదకొండో నంబరు ఎగిరినట్టే. షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊళ్లో ఎవరికీ తెలియకపోతే అదీ అంతే.

కాబట్టి ఈ ఏడు తొలి వాయుగుండం వార్త వినగానే రెండు పనులు చేద్దాం. తీరాన చుట్టాలున్నవారు ఒక ఫోన్ చేసి బోటులో పెట్టె పని చేస్తోందా, మీట నొక్కడం కళాసీలందరికీ వచ్చా అని అడగండి. తీరపు ఊళ్లలో ఉన్నవారు ఎండ ఉండగానే షెల్టరు దాకా నడిచి వెళ్లి, తలుపు తెరుచుకుంటుందో లేదో, పైన నీళ్ల ట్యాంకు ఉందో లేదో చూసి రండి. నంబరు ఏడుకు చేరాక చూసేందుకు తీరిక ఉండదు.